38 కన్నా తక్కువ వచ్చింది, ఇక భయం లేనట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 31. ఇది రెండో కాన్పు, ఇప్పుడు 27వ వారం నడుస్తోంది. మొదటిసారి 32వ వారంలో బీపీ 170/110కి వెళ్లింది, యూరిన్‌లో ప్రొటీన్ పడింది, ఆ రాత్రే సిజేరియన్ చేశారు. బాబు 1,400 గ్రాములు పుట్టాడు, ఐదు వారాలు ఐసీయూలో ఉన్నాడు. ఇప్పుడు వాడికి నాలుగేళ్లు, బాగున్నాడు. ఈసారి 12వ వారం నుంచి రోజూ రాత్రి ఆస్పిరిన్ 150 మిల్లీగ్రాములు వేసుకుంటున్నాను. పోయిన వారం చూస్తే బీపీ 138/88 ఉంది, రెండు రోజులు కొంచెం తలనొప్పి కూడా వచ్చి తగ్గింది. మా డాక్టర్ ఎస్-ఫ్లిట్-1, పీఎల్‌జీఎఫ్ నిష్పత్తి అని కొత్త రక్తపరీక్ష రాశారు. 24 వచ్చింది. 38 లోపు ఉంది కాబట్టి భయం లేదని రెండు నిమిషాల్లో పంపేశారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. ఈ ఒక్క అంకెను నమ్మవచ్చా? వారం వారం చేయించుకోవాలా? ఇంత మంచి పరీక్ష ఉంటే మొదటిసారి ఎందుకు చేయలేదు? రిపోర్టు బాగుంది కదా, ఆస్పిరిన్ ఆపేయవచ్చా? అప్పుడు నా టెన్షన్ వల్లే బీపీ వచ్చిందని మా ఆడపడుచు ఇప్పటికీ అంటూ ఉంటుంది. అది నిజమేనా?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీరు చివర అడిగినదానికి ముందు జవాబు చెప్తాను. ఈ నాలుగేళ్లూ మీరు మోస్తున్న బరువు అదేనని ఉత్తరం చదువుతుంటేనే తెలుస్తోంది. మీ టెన్షన్ వల్ల ఆ జబ్బు రాలేదు. మీరు చేసిన పని వల్ల గానీ, చేయని పని వల్ల గానీ రాలేదు. కంగారు పడినప్పుడు బీపీ కాస్త పెరిగే మాట నిజమే, కానీ మనసు కుదుటపడగానే దిగిపోతుంది. యూరిన్‌లో ప్రొటీన్ పడి, ఆ రాత్రే బిడ్డను బయటికి తీయాల్సి వచ్చిందంటే అది ప్రీఎక్లాంప్సియా. అది ముదిరి ఫిట్స్ దాకా పోతే పెద్దవాళ్లు గుర్రపువాతం అనేవారు. ఆ జబ్బుకు మొదలు మనసులో లేదు, బిడ్డకు రక్తం అందించే మాయలో (ప్లాసెంటాలో) ఉంది.

ఆ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ 24 అంకెకు అర్థం అక్కడే ఉంది. గర్భం తొలి నెలల్లో మాయలోని కణాలు గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోయి, అక్కడ మెలికలు తిరిగి ఉన్న సన్నటి రక్తనాళాలను వెడల్పు చేస్తాయి. పిల్లకాలువను తవ్వి పెద్ద కాలువ చేసినట్టన్నమాట. కొందరిలో ఈ తవ్వకం సగంలోనే ఆగిపోతుంది. అప్పటికి ఎవరికీ ఏమీ తెలియదు. బిడ్డ పెరిగేకొద్దీ మాయకు రక్తం ఎక్కువ కావాలి, కాలువేమో ఇరుకు. సరిపడా రక్తం అందని మాయ ఎస్-ఫ్లిట్-1 అనే ప్రొటీన్‌ను తల్లి రక్తంలోకి మోతాదుకు మించి వదలడం మొదలుపెడుతుంది.

తల్లి రక్తనాళాల లోపలి పొర ఆరోగ్యంగా ఉండాలంటే దానికి పీఎల్‌జీఎఫ్, వీఈజీఎఫ్ అనే రెండు ప్రొటీన్లు నిత్యం అందుతూ ఉండాలి. వీటిలో మొదటిది ఎక్కువగా మాయలోనే తయారవుతుంది. ఎస్-ఫ్లిట్ ఏం చేస్తుందంటే, ఈ రెండింటినీ దారిలోనే పట్టేసుకుంటుంది. పొరకు చేరాల్సింది చేరదు. నాళాలు బిగుసుకుంటే బీపీ పెరుగుతుంది. కిడ్నీలోని జల్లెడ పాడైతే యూరిన్‌లోకి ప్రొటీన్ జారుతుంది. లివర్, మెదడు, ప్లేట్‌లెట్లు కూడా ఇదే దారిలో దెబ్బతింటాయి. 2003లో బోస్టన్‌లో అనంత్ కరుమంచి బృందం ఈ ఎస్-ఫ్లిట్‌ను ఎలుకలకు ఎక్కించి చూస్తే, వాటికి బీపీ పెరిగింది, యూరిన్‌లో ప్రొటీన్ పడింది, కిడ్నీలో ప్రీఎక్లాంప్సియా వచ్చిన తల్లుల్లో కనిపించే మార్పే కనిపించింది. గర్భం లేని ఎలుకల్లోనూ అంతే. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే క్యాన్సర్ మందులు వాడేవాళ్లలో కూడా బీపీ పెరిగి యూరిన్‌లో ప్రొటీన్ పడటం డాక్టర్లు చూస్తూనే ఉన్నారు. ఈ వరుసలో ఎక్కడా టెన్షన్ లేదు. మీ ఆడపడుచుకు ఈ పేరా చదివి వినిపించండి.

నేను చదువుకునే రోజుల్లో మాకు చేతిలో ఉన్న పరీక్ష చాలా పాతది. మూత్రాన్ని గాజు గొట్టంలో ముప్పావు వంతు పోసి, పైభాగం మాత్రమే స్పిరిట్ దీపం మంటకు తగిలేలా వాలుగా పట్టుకునేవాళ్లం. మరిగిన చోట తెల్లగా మబ్బు కమ్మితే, రెండు చుక్కలు ఎసిటిక్ ఆసిడ్ వేసేవాళ్లం. మబ్బు కరిగిపోతే అది లవణాల వల్ల వచ్చింది, ఫరవాలేదు. మబ్బు అలాగే నిలిచి, ఇంకా గట్టిపడితే అది ఆల్బుమిన్ అనే ప్రొటీన్. ఆ తెల్లదనం కరుగుతుందా లేదా అని ఊపిరి బిగబట్టి చూసిన క్షణాలు నాకు ఇప్పటికీ గుర్తే. తర్వాత డిప్‌స్టిక్ పట్టీలు వచ్చాయి, యూరిక్ యాసిడ్, క్రియాటినిన్, లివర్ ఎంజైములు, ప్లేట్‌లెట్ల లెక్క వచ్చాయి. ఇవేవీ తీసిపారేయాల్సినవి కావు, యూరిక్ యాసిడ్‌ను ముందుగా పసిగట్టే గుర్తుగా నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను, అంతే. కానీ ఇవన్నీ చెప్పేది ఒకటే: జబ్బు ఇప్పటికే ఏ అవయవాన్ని ఎంత దెబ్బతీసిందని. మాయలో ఏం జరుగుతోందో అవి చెప్పలేవు. ఎస్-ఫ్లిట్, పీఎల్‌జీఎఫ్ ఆ మాయ కబురే మోసుకొస్తాయి. జబ్బు బయటపడటానికి దాదాపు ఐదు వారాల ముందే ఎస్-ఫ్లిట్ పెరగడం మొదలవుతుందని, పీఎల్‌జీఎఫ్ అంతకన్నా ముందే తగ్గి ఉంటుందని 2004లో తేలింది. ఒకటి పెరగడం, ఒకటి తగ్గడం, రెండూ ఒకేసారి పట్టుబడాలనే ఒకదాన్ని ఇంకోదానితో భాగించి నిష్పత్తి చూస్తారు.

ఇక మీ 24. ఈ 38 అనే గీత ఎక్కడిదంటే, ప్రోగ్నోసిస్ అనే పెద్ద అధ్యయనం నుంచి వచ్చింది. 14 దేశాల్లో చేసి 2016లో ప్రచురించారు. 24 నుంచి 37 వారాల మధ్య ఉండి, ప్రీఎక్లాంప్సియా ఏమోనన్న అనుమానం కలిగిన తల్లులను తీసుకున్నారు, అంటే అచ్చం మీలాంటి వాళ్లనే. నిష్పత్తి 38 లేదా అంతకు తక్కువ ఉన్నవాళ్లలో 99.3 శాతం మందికి ఆ తర్వాతి వారం రోజుల్లో జబ్బు రాలేదు. కాబట్టి మీ డాక్టర్ ‘భయం లేదు’ అన్నది ఊరికే ధైర్యం చెప్పడానికి అన్న మాట కాదు. మీ తలనొప్పి, 138/88 బీపీ, ఈ రెండూ ఆ రోజుకు మాయ జబ్బు గుర్తులు కావని చెప్పడానికి గట్టి ఆధారం దొరికింది.

అయితే ‘వారం రోజుల్లో’ అన్న ముక్కను మీ డాక్టర్ మీతో అన్నారో లేదో తెలియదు. రెండు నిమిషాల్లో ఆ మాట జారిపోయి ఉండవచ్చు. ఈ పరీక్ష ఇచ్చే భరోసాకు గడువు ఉంది. అదే అధ్యయనాన్ని నాలుగు వారాల దాకా సాగదీసి చూస్తే ఆ 99.3 కాస్తా 94.3కి దిగింది. ఇంకోలా చెప్పాలంటే, రిపోర్టు బాగుందన్న వందమందిలో నెల తిరిగేసరికి ఐదారుగురికి జబ్బు వచ్చింది. 27వ వారంలో వచ్చిన మంచి రిపోర్టును పట్టుకుని 33వ వారంలో ధీమాగా ఉండకూడదు. మొదటిసారి మీకు 32లో వచ్చింది కాబట్టి నేను ఈ మాట నొక్కి చెప్తున్నాను.

రెండో వైపు కూడా తెలుసుకోండి, రేపు మళ్లీ చేయించినప్పుడు కంగారు పడకుండా ఉంటారు. 38 దాటితే జబ్బు వచ్చేసినట్టు కాదు. అదే అధ్యయనంలో 38 దాటినవాళ్లలో నాలుగు వారాల్లోపు జబ్బు వచ్చింది వందకు 37 మందికే. మిగతావాళ్లకు ఆ నెలలో రాలేదు. ‘ఇప్పట్లో రాదు’ అని చెప్పడంలో ఈ పరీక్ష దిట్ట, ‘వస్తుంది’ అని చెప్పడంలో అంత గట్టిది కాదు. 38 దాటితే చెకప్‌లు దగ్గరదగ్గరగా పెడతారు, బిడ్డ ఎదుగుదల, రక్తం పారే తీరు చూపే డాప్లర్ స్కాన్లు చూస్తారు. 34 వారాల లోపు 85 దాటితే మాత్రం మాయ గట్టిగానే ఇబ్బందిలో ఉందని అర్థం, అప్పుడు ఆసుపత్రి మాట వెంటనే వినాలి.

వారం వారం చేయించుకోవాలా అంటే, అక్కర్లేదు. బీపీ కొత్తగా పెరిగినా, కొత్త లక్షణం కనిపించినా మళ్లీ చేయించాలి. అవేవీ లేకపోయినా, మీ చరిత్రను బట్టి రెండు నుంచి నాలుగు వారాల్లో ఇంకోసారి చూడటం సబబే, ఆ ఎడం మీ డాక్టర్ నిర్ణయిస్తారు. చేయించినప్పుడు అదే ల్యాబ్‌లో, అదే రకం మెషీన్ మీద చేయించండి. కంపెనీని బట్టి కొలిచే పద్ధతి మారుతుంది, గీత కూడా మారుతుంది. 2023లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించిన పరీక్షకు గీత 40, అది చూసేది వారం కాదు, రెండు వారాలు. ఒక చోటి 36ని ఇంకో చోటి 41తో పోల్చి పెరిగిపోయిందని బెంబేలెత్తవద్దు. ఇంకో సంగతి: నెలలు నిండేకొద్దీ ఆరోగ్యంగా ఉన్న తల్లిలో కూడా పీఎల్‌జీఎఫ్ తగ్గి ఎస్-ఫ్లిట్ పెరుగుతుంది. 37 వారాలు దాటాక ఈ పరీక్షతో ఒరిగేది తక్కువ.

మొదటిసారి ఎందుకు చేయలేదని అడిగారు. ఈ పరీక్ష అన్నిచోట్లా దొరకదు, నాలుగేళ్ల కిందట ఇంకా తక్కువ. కానీ మీ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉంది: చేసి ఉంటే బాబు ఐసీయూలో ఐదు వారాలు ఉండేవాడు కాదా అని. నిజం చెప్తాను. ఈ పరీక్ష జబ్బును ఆపదు. ప్రీఎక్లాంప్సియా ఒకసారి మొదలయ్యాక, మాయ బయటికి వస్తేనే అది తగ్గుముఖం పడుతుంది. బీపీ 170/110 ఉండి, ప్రొటీన్ పడుతున్న తల్లికి ఏ రక్తపరీక్షా చేయకుండానే ఏం చేయాలో డాక్టర్లకు తెలుసు, మీ డాక్టర్లు అదే చేశారు. ఈ పరీక్ష పనికొచ్చేది అంతకు ముందున్న అయోమయపు రోజుల్లో. బ్రిటన్‌లో 11 ఆసుపత్రుల్లో వెయ్యికి పైగా తల్లులతో చేసిన పారట్ అధ్యయనంలో, పీఎల్‌జీఎఫ్ ఫలితాన్ని డాక్టర్లకు చూపించినప్పుడు జబ్బును నిర్ధారించడానికి పట్టే సమయం 4.1 రోజుల నుంచి 1.9 రోజులకు తగ్గింది, తల్లులకు వచ్చే తీవ్రమైన ముప్పులు కూడా తగ్గాయి. రెండు రోజులంటే చిన్న సంగతి కాదు, బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికిచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ పనిచేయడానికి కావాల్సింది ఇంచుమించు అంత వ్యవధే. అలాగని మీ విషయంలో ఎవరో ఏదో చేయకుండా వదిలేశారని మీరు రాసినదాన్ని బట్టి నాకైతే అనిపించలేదు.

అసలైన నివారణ ఈసారి మీరు 12వ వారంలోనే మొదలుపెట్టారు, ఆస్పిరిన్. 2017లో వచ్చిన ఆస్ప్రే అధ్యయనంలో, 11 నుంచి 14 వారాల మధ్య తల్లి వివరాలు, బీపీ, గర్భసంచి రక్తనాళాల డాప్లర్, రక్తంలో పీఎల్‌జీఎఫ్, పాప్-ఏ అనే ఇంకో మాయ ప్రొటీన్, ఇవన్నీ కలిపి లెక్కగట్టి ముప్పు ఎక్కువ ఉన్న 1,776 మందిని ఎంచుకున్నారు. రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వేసుకున్నవాళ్లలో 37 వారాల లోపు వచ్చే ప్రీఎక్లాంప్సియా 1.6 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 4.3 శాతం. 62 శాతం తగ్గుదల! కాన్పుల వైద్యంలో ఇంత మేలు చేసే మందులు అరుదు.

దాన్ని ఆపేయవచ్చా అంటే, మీ ప్రశ్న తీసిపారేసేది కాదు. స్పెయిన్‌లో సరిగ్గా ఇదే పరీక్షించి 2023లో ప్రచురించారు. 24 నుంచి 28 వారాల మధ్య నిష్పత్తి 38 లోపు ఉన్నవాళ్లలో కొందరికి ఆస్పిరిన్ ఆపేశారు, ఆపినవాళ్లలో 37 వారాల లోపు వచ్చే జబ్బు పెరగలేదు. అయినా మీరు సొంతంగా మాత్ర ఆపవద్దు. ఒకసారి 32 వారాలకే జబ్బు చూసిన తల్లివి కాబట్టి, నా దగ్గరికి వచ్చి ఉంటే 36వ వారం దాకా వేసుకోమనే చెప్పేదాన్ని. రక్తం కనిపించడం, కడుపులో మంట లాంటి ఇబ్బంది ఏదైనా ఉంటే అది వేరే లెక్క, అప్పుడు మీ డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోండి.

ఇప్పుడు మీరు ఇంట్లో చేయాల్సింది చెప్తాను. బీపీ మెషీన్ ఉంటే తీసుకెళ్లి, మీ డాక్టర్ మెషీన్ పక్కన పెట్టి ఒకసారి సరిచూపించండి. కొన్ని ఆటోమేటిక్ మెషీన్లు ప్రీఎక్లాంప్సియాలో ఉన్న బీపీ కన్నా తక్కువ చూపిస్తాయి. పట్టీ మీ చేతికి సరిపోవాలి, బిగుతైన చిన్న పట్టీ అయితే ఉన్నదానికన్నా ఎక్కువ బీపీ చూపిస్తుంది. ముందు బాత్రూమ్‌కి వెళ్లి రండి. వీపు ఆనించి, పాదాలు రెండూ నేల మీద పెట్టి, కాళ్లు మెలి వేయకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఆనాలి. కొలిచేటప్పుడు మాట్లాడవద్దు, ఫోన్ చూడవద్దు. నిమిషం ఆగి రెండోసారి చూసి, రెండూ పుస్తకంలో రాయండి. పైది 140 గానీ, కిందిది 90 గానీ తాకితే ఆ రోజే డాక్టర్‌కు చెప్పాలి. 160 లేదా 110 తాకితే ఫోన్లు చేస్తూ కూర్చోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి, అర్ధరాత్రి అయినా సరే.

అంకెలు బాగున్నా లెక్కచేయాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. నేను శిక్షణలో ఉన్న తొలి ఏడాది, రాత్రి డ్యూటీలో 35 వారాల తల్లి వచ్చింది. పక్కటెముకల కింద, కుడివైపు నొప్పి, రెండుసార్లు వాంతి. బీపీ 136 ఉంది. గ్యాస్ అనుకుని మందు ఇచ్చి పడుకోబెట్టాను. ఆమె మాత్రం చేయి ఆ కుడిపక్క నుంచి తీయలేదు. ‘ఇది గ్యాస్ నొప్పిలా లేదమ్మా’ అని రెండుసార్లు అంది. తెల్లవారుజామున సీనియర్ వచ్చి రక్తం పంపిస్తే ప్లేట్‌లెట్లు 60 వేలు, లివర్ ఎంజైములు ఎన్నో రెట్లు. హెల్ప్ సిండ్రోమ్. ఎర్ర రక్తకణాలు పగిలిపోయి, లివర్ దెబ్బతిని, ప్లేట్‌లెట్లు పడిపోయే తీవ్రమైన రూపం అది, కొందరిలో బీపీ పెద్దగా పెరగకుండానే వస్తుంది. తల్లీబిడ్డా ఇద్దరూ దక్కారు. ఆ చేయి మాత్రం నా కళ్ల ముందు నుంచి పోలేదు, ఆ రోజు నుంచి ఏ తల్లి కుడిపక్క నొప్పి అన్నా నేను గ్యాస్ అనే మాట ముందు తీసుకురాలేదు.

అందుకని కుడి డొక్క పైన నొప్పి, మాత్రకు లొంగని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు లేదా మసక, ఉన్నట్టుండి ముఖం చేతులు ఉబ్బడం, ఆయాసం, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏది వచ్చినా ‘పోయిన వారం రిపోర్టు 24 కదా’ అని ఆగవద్దు. వెళ్లి చూపించుకోండి. ‘మొదటిసారి నాకు ప్రీఎక్లాంప్సియా వచ్చింది’ అన్న మాట గుమ్మం దగ్గరే చెప్పండి, వరుసలో మీ వంతు వచ్చేదాకా దాచుకోకండి. ఒకవేళ జబ్బు ముదిరినట్టు కనిపిస్తే మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఇస్తారు, అది ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గిస్తుంది. 2002లో పదివేల మంది తల్లుల మీద చేసిన మ్యాగ్‌పై అధ్యయనం అది తేల్చింది. దాని పేరు విని భయపడకండి, వద్దనకండి.

వచ్చేసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మూడు సంగతులు అడిగి రాయించుకోండి: నిష్పత్తి మళ్లీ ఏ వారంలో చూస్తారు, బిడ్డ ఎదుగుదల స్కాన్లు ఎప్పుడెప్పుడు, కాన్పయ్యాక బీపీ ఎన్నాళ్లు చూడాలి. మూడోది చాలామంది అడగరు. కాన్పయ్యాక మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బీపీ మళ్లీ పైకి వెళ్లే సమయం. సరిగ్గా ఆ రోజుల్లోనే తల్లిని ఇంటికి పంపేస్తారు, ఇల్లంతా బిడ్డ చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఆ వారం మీ బీపీ పుస్తకం ఎవరు పట్టుకుని రోజూ చూస్తారో ఇప్పుడే ఒకరికి అప్పగించండి. మీ ఆడపడుచు దగ్గర్లో ఉంటే ఆమెకే అప్పగించండి.